నీ పాపకు టీకాలు వేయించావు కదా, మా బాబుతో నీకేం భయం?

ప్రశ్న అడిగినావిడ చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ. ఆవిడ పాపకు ఏడాదిన్నర. వయసు ప్రకారం వేయించాల్సిన టీకాలన్నీ వేయించారు. తోటికోడలు మాత్రం తన నాలుగేళ్ల బాబుకు ఒక్కటి కూడా వేయించలేదు, ఇకముందు కూడా వేయించనంటోంది. మాటా మాటా పెరిగినప్పుడు ఆవిడ నాలుగు మాటలందట. టీకా పనిచేసేదే అయితే మీ పాపకు భయం లేదు, పనిచేయనిదైతే మావాడికి ఎందుకు? నూటికి 95 మంది వేయించుకున్నాక మా ఒక్కడి వల్ల ఏమవుతుంది? రోగం వచ్చినవాళ్లలో టీకా వేయించుకున్నవాళ్లు కూడా బోలెడంతమంది ఉంటున్నారుగా? అసలు రోగం వచ్చి తగ్గితే వచ్చే శక్తి సూదితో వస్తుందా? వీటికి ఏం చెప్పాలో తెలియక ఇక్కడ రాశారు.

నేను పిల్లల టీకాల కార్యక్రమాల్లోనూ, అంటురోగాలు ప్రబలినప్పుడు ఆరా తీసే బృందాల్లోనూ చాలా ఏళ్లు పనిచేసిన డాక్టర్ని. ముందే చెబుతున్నాను, మీ తోటికోడలి మొదటి ప్రశ్న తీసిపారేయాల్సింది కాదు. దానికి మా వైపు నుంచి వచ్చే అలవాటు జవాబు ఒకటుంది: ‘హెర్డ్ ఇమ్యూనిటీ దెబ్బతింటుంది’ అని. అంటే చుట్టూ చాలామందికి నిరోధకత ఉండటం వల్ల అది లేనివాళ్లకు కూడా దొరికే రక్షణ పోతుందని. ఆ జవాబు కొన్ని టీకాల విషయంలో అక్షరాలా నిజం, కొన్నింటిలో సగం నిజం, కొన్నింటిలో అసలు నిజమే కాదు. ఏ రోగం, ఏ టీకా అని విడదీయకుండా ‘టీకాలు’ అని ఒకే మూట కట్టి వాదించుకున్నంత కాలం ఇద్దరిలో ఎవరూ రెండోవాళ్లను ఒప్పించలేరు.

ధనుర్వాతం తీసుకోండి. ఆ క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, గాయంలోంచి ఒంట్లోకి దిగుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. కాబట్టి చుట్టూ ఉన్న జనమంతా టీకా వేయించుకున్నా, వేయించుకోనివాడి కాల్లో మేకు దిగితే ఆ జనం వల్ల వాడికి ఒరిగేదేమీ లేదు. అలాగే మీ తోటికోడలు ఆ ఒక్క టీకా మానేసినందువల్ల మీ పాపకు వీసమెత్తు నష్టం లేదు. నష్టమంతా ఆ బాబుదే. ఇక్కడ ‘సమాజం కోసం వేయించు’ అంటే అది అబద్ధం అవుతుంది, ఆవిడ దాన్ని ఇట్టే పట్టుకుంటుంది కూడా. ‘నీ బిడ్డ కోసం వేయించు’ అనాలి.

తట్టు దీనికి పూర్తిగా తలకిందులు. రోగి గదిలోంచి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ 2 గంటల దాకా గాలిలో నిలవగలదు. నిరోధకత లేనివాళ్లు రోగి దగ్గర మసిలితే పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది. ఒంటిమీద దద్దు కనిపించడానికి 4 రోజుల ముందే అంటించడం మొదలవుతుంది, అప్పటికి అది జలుబూ జ్వరంలాగే ఉంటుంది. అందుకని ‘మావాడికి ఒంట్లో బాగోలేకపోతే బయటికి పంపంలే’ అనే హామీ తట్టు విషయంలో చెల్లదు. తెలిసేసరికే అంటించాల్సినవాళ్లకు అంటించేసి ఉంటాడు.

ఇప్పుడు ఆవిడ మొదటి మాటకు వద్దాం. అందులో చెప్పకుండా దాచిన ఊహ ఒకటుంది: టీకా అంటే నూటికి నూరూ పనిచేయాలి, లేదంటే పనిచేయనట్టే అని. తట్టుకు వేసే టీకా ఒక డోసు వేస్తే సుమారు 93 శాతం మందికి, రెండు డోసులు వేస్తే సుమారు 97 శాతం మందికి రక్షణ వస్తుంది. వైద్యంలో ఇంతకంటే బాగా పనిచేసేవి అరుదు. అయినా రెండు డోసులూ వేయించుకున్న వందమందిలో ముగ్గురికి రక్షణ ఉండదు. ఆ ముగ్గురెవరో తల్లికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. వీళ్లు కాక ఇంకా టీకా వయసు రాని పసిపిల్లలున్నారు. తల్లి నుంచి వచ్చిన ప్రతిరక్షకాలు (రోగక్రిములతో పోరాడే యాంటీబాడీలు) నెలలు గడిచేకొద్దీ తరిగిపోతాయి. అవి ఉన్నంతకాలం టీకాను సరిగా పట్టనివ్వవు, అందుకే మరీ ముందుగా వేసినా లాభం తక్కువ. ఈ మధ్యలో కొన్ని నెలలు బిడ్డ ఏ రక్షణా లేకుండా ఉంటుంది. రక్తక్యాన్సరుకు మందులు వాడుతున్న పిల్లలకు ఈ టీకా ఇవ్వకూడదు, ఎందుకంటే ఇందులో ఉన్నది బలహీనపరిచిన బతికున్న వైరస్. వీళ్లందరికీ ఉన్న రక్షణ ఒక్కటే, వైరస్ వీళ్లదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోవడం.

అది ఎప్పుడు ఆగుతుందన్న లెక్క పెద్ద కష్టం కాదు. ఎవరికీ నిరోధకత లేని చోట ఒక రోగి సగటున ఎంతమందికి అంటిస్తాడో, ఆ సంఖ్యను ఆర్-నాట్ అంటారు. తట్టుకు అది 12 నుంచి 18 అని లెక్కేస్తారు. 15 అనుకుందాం. రోగి ఎదురుపడే ఆ 15 మందిలో 14 మందికి ముందే నిరోధకత ఉంటే, ఒక్కరికే అంటుతుంది. అంటే రోగం పెరగదు, తరగదు. అంతకంటే ఒక్క పిసరు ఎక్కువమందికి ఉంటే గొలుసు తెగుతూ పోతుంది. 15లో 14 అంటే 93 శాతం. పోలియోకు ఆర్-నాట్ 5 నుంచి 7 అనుకుంటే 80 నుంచి 86 శాతం చాలు. కోవిడ్ మొదట్లో వచ్చిన రకానికి 60 నుంచి 70 మధ్య చాలన్నారు, తర్వాతి రకాలు ఇంకా వేగంగా అంటుకునేవి కావడంతో ఆ అంకె పైకి జరుగుతూ పోయింది. ‘హెర్డ్ ఇమ్యూనిటీ అంటే 70 శాతం’ అని ఎవరైనా గుండుగుత్తగా చెబితే ‘దేనికి?’ అని అడగండి.

తట్టుకే వేయి మంది పిల్లల బడిని ఊహించుకోండి. 950 మందికి రెండు డోసులూ పడ్డాయి, 50 మందికి ఏదీ పడలేదు. 950లో 3 శాతానికి, అంటే 28 మందికి, టీకా పట్టలేదు. రక్షణ లేనివాళ్లు మొత్తం 78. నిరోధకత ఉన్నవాళ్లు 922, అంటే 92 శాతం. చూశారుగా, 95 శాతం వేయించుకున్నా తట్టు అడిగే 93 దగ్గరికి వచ్చి ఆగాం, గట్టు దాటలేదు. ఒకే డోసుతో సరిపెట్టి ఉంటే నిరోధకత 88 శాతం దగ్గరే ఆగేది. రెండో డోసు ఎందుకని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ‘95 మంది ఉన్నారుగా, మా ఒక్కడి వల్ల ఏమవుతుంది’ అన్న మాటకూ జవాబు ఇక్కడే ఉంది: ఆ మిగిలిన అయిదు శాతం ఖాళీగా పడి ఉన్న జాగా కాదు. క్యాన్సరు మందులు వాడేవాళ్లు, నిజంగా టీకా పడకూడనివాళ్లు అందులో ముందే ఉన్నారు.

మూడో మాటకు కూడా ఈ బడే సరిపోతుంది. ఈ బడిలోకి తట్టు వచ్చి రక్షణ లేని 78 మందికీ సోకిందనుకోండి. అందులో 28 మంది టీకా వేయించుకున్నవాళ్లే. ‘రోగుల్లో మూడోవంతుకు పైగా టీకా వేయించుకున్నవాళ్లే’ అని వార్త వస్తుంది. వార్తలో తప్పేమీ లేదు, కానీ అది అడగాల్సిన ప్రశ్నకు జవాబు కాదు. వేయించుకున్న 950 మందిలో రోగం వచ్చింది 28 మందికి, వేయించుకోని 50 మందిలో 50 మందికీ. ఇంకో ఫోరంలో ఒకాయన ఇలాంటి వార్తనే చూపించి నాతో చాలాసేపు వాదించాడు. నూటికి నూరుమందీ టీకా వేయించుకున్న బడిలో ఎవరికి రోగం వచ్చినా వాళ్లు టీకా వేయించుకున్నవాళ్లే అవుతారు కదా అన్నాను. ఆ తర్వాత జవాబు రాలేదు.

కానీ ఇప్పటిదాకా వేసిన లెక్కలో నేనూ ఒకచోట సులువు చేసుకున్నాను. టీకా లేనివాళ్లు జనంలో సమంగా చెదిరి ఉన్నట్టు లెక్కేశాను. నిజ జీవితంలో అలా ఉండరు. ఒకే నమ్మకం ఉన్నవాళ్లు ఒకేచోట ఉంటారు, పిల్లల్ని ఒకే బడికి పంపుతారు, ఒకే ప్రార్థనాలయానికి వెళ్తారు. నెదర్లాండ్స్‌లో చాలా ఏళ్లపాటు టీకాలు వేయించుకునేవాళ్లు 95 శాతం పైమాటే ఉండేవారు. అయినా దేశానికి నైరుతి నుంచి ఈశాన్యం దాకా ఒక పట్టీలా సనాతన ప్రొటెస్టెంట్ వర్గాలు నివసించే ఊళ్లున్నాయి. రోగం దైవేచ్ఛ అనీ, దానికి ముందే అడ్డుపడకూడదనీ వాళ్లలో చాలామంది నమ్మకం. 1992-93లో పోలియో వచ్చి అక్కడ 71 మందికి జబ్బు చేసింది, ఇద్దరు చనిపోయారు. దాదాపు అందరూ టీకా లేని ఆ వర్గంవాళ్లే. చుట్టూ ఉన్న కోటిన్నర జనానికి ఏమీ కాలేదు. మళ్లీ 2013లో అదే పట్టీలో తట్టు వచ్చింది, 2,600కు పైగా కేసులు నమోదయ్యాయి. సగటు చూస్తే దేశానికి రక్షణ ఉంది. ఆ ఊళ్లకు లేదు. అందుకే మా పనిలో దేశం సగటును పెద్దగా పట్టించుకోం, ఏ పేటలో ఏ బడిలో ఎంత శాతం అనే చూస్తాం. మీ తోటికోడలు ఒక్కతే అయితే ఆవిడన్నట్టు ‘మా ఒక్కడు’. కానీ ఆవిడ ఉన్న వాట్సాప్ గ్రూపులో, ఆవిడ ఎంచుకునే బడిలో అలాంటివాళ్లే మరో ఇరవైమంది ఉంటే లెక్క మారిపోతుంది. ఇలాంటి నిర్ణయం ఒంటరిగా ఉండటం చాలా అరుదు.

సగం సగం టీకాలు వేస్తే ఏమవుతుందో చెప్పేది రూబెల్లా. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే రెండు పక్షాలవాళ్లూ దీన్ని వదిలేస్తారు. రూబెల్లా పిల్లలకు వస్తే పెద్ద జబ్బేమీ కాదు. కొద్దిపాటి జ్వరం, దద్దు, నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. గర్భం దాల్చిన తొలి నెలల్లో తల్లికి వస్తేనే ఘోరం: పుట్టే బిడ్డకు చెవుడు, కంట్లో శుక్లం, గుండెలో లోపం. ఈ లింకును మొదట పట్టుకున్నది నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు, 1941లో. అమెరికాలో 1964-65లో రూబెల్లా ప్రబలినప్పుడు సుమారు 20,000 మంది పిల్లలు ఈ లోపాలతో పుట్టారు.

ఇప్పుడు ఊహించండి, ఒక దేశంలో సగంమంది పిల్లలకే టీకా పడుతోంది. వైరస్ ఆగదు, నెమ్మదిస్తుంది. ఇదివరకు ఆరేడేళ్ల వయసులో రూబెల్లా వచ్చిపోయి, పెళ్లీడుకు నిరోధకతతో ఉండాల్సిన ఆడపిల్లలు ఇప్పుడు అటు టీకా లేక, ఇటు రోగమూ రాక పెద్దవాళ్లవుతారు. ఇరవై దాటాక, కడుపుతో ఉన్నప్పుడు అది ఎదురవుతుంది. గ్రీస్‌లో జరిగింది ఇదే. 1970ల్లో టీకా మొదలుపెట్టి 1980లంతా సగానికి తక్కువమందికే వేస్తూ వచ్చారు. 1993లో రూబెల్లా విరుచుకుపడింది, ఆ ఏడాది రూబెల్లా లోపాలతో పుట్టినట్టు నిర్ధారణ అయిన పిల్లలు 25 మంది. టీకా చెడ్డది కాదు, చాలినంత వేయకపోవడం చెడ్డది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 80 శాతం పిల్లలకు వేయగలమన్న ధీమా ఉంటేనే రూబెల్లా టీకా మొదలుపెట్టమని దేశాలకు చెబుతూ వచ్చింది. ‘ఇష్టమైనవాళ్లు వేయించుకుంటారు, లేనివాళ్లు మానేస్తారు, ఎవరి దారి వాళ్లది’ అనే పద్ధతి వినడానికి న్యాయంగానే ఉంటుంది. రూబెల్లా విషయంలో మాత్రం ఆ నడిమి దారి ఇంకా పుట్టని బిడ్డల మీద పడుతుంది.

సగం నిజమైన టీకాలన్నాను కదా, వాటి సంగతి. కోరింత దగ్గుకు ఇప్పుడు చాలా దేశాల్లో వాడే కొత్తరకం టీకా జబ్బు తీవ్రతను బాగా ఆపుతుంది. కానీ ఆ రక్షణ కొన్నేళ్లకు తగ్గిపోతుంది, పైగా సంక్రమణను పూర్తిగా ఆపదు. బబూన్ కోతుల మీద చేసిన ప్రయోగంలో టీకా వేసిన కోతులకు జబ్బు రాలేదు, కానీ గొంతులో క్రిమి వారాల తరబడి ఉంది, పక్క కోతులకు అంటింది కూడా. మనుషుల్లో అచ్చంగా అంతే జరుగుతుందని ఆ ఒక్క ప్రయోగంతో తేల్చలేం. అయినా ‘చుట్టూ అందరికీ వేస్తే పసిబిడ్డకు రాదు’ అని కోరింత దగ్గు విషయంలో భరోసా ఇవ్వలేం. అందుకే గర్భిణికే టీకా వేసి, తల్లి ప్రతిరక్షకాలను బిడ్డకు అందేలా చేసే పద్ధతికి మళ్లారు. బ్రిటన్ దీన్ని 2012లో మొదలుపెట్టింది. పోలియో సూది కూడా ఇలాంటిదే. కాళ్లు పడిపోకుండా కాపాడుతుంది, పేగుల్లో వైరస్ పెరగకుండా అంతగా ఆపలేదు. 2013లో ఇజ్రాయెల్‌లో మురుగునీటిలో పోలియో వైరస్ కనిపించింది. అక్కడ పిల్లలందరికీ దాదాపుగా సూది పడింది, ఒక్కరికీ పక్షవాతం రాలేదు. వైరస్ మాత్రం నెలల తరబడి చప్పుడు లేకుండా తిరిగింది. చివరికి మళ్లీ చుక్కల మందు వేసి ఆపారు.

ఇవన్నీ రాస్తే ‘చూశారా, మీరే ఒప్పుకున్నారు’ అంటారని నా తోటి డాక్టర్లు కొందరు కోప్పడతారు. అనుకోనివ్వండి. ఈ నిజాలు దాచిపెట్టి, రేపు ఆవిడ ఇంకెక్కడో చదివి తెలుసుకుంటే తట్టు గురించి చెప్పిన నిజాన్ని కూడా నమ్మదు.

ఇక సహజంగా వచ్చే శక్తి. ఇక్కడ ఆవిడ మాటలో నిజముంది. తట్టు ఒకసారి వచ్చి బతికి బయటపడితే వచ్చే రక్షణ జీవితాంతం ఉంటుంది. దీనికి నాకు తెలిసిన అందమైన రుజువు 1846 నాటిది. అట్లాంటిక్ నడుమ ఉన్న ఫారో దీవుల్లోకి 65 ఏళ్ల తర్వాత తట్టు వచ్చింది. 7,782 మంది జనాభాలో సుమారు 6,000 మంది పడ్డారు. పరిశీలించడానికి వెళ్లిన పానుమ్ అనే పాతికేళ్ల డేనిష్ డాక్టరు ఒక సంగతి గమనించాడు: 1781లో తట్టు వచ్చి తగ్గిన ముసలివాళ్లలో ఒక్కరికీ మళ్లీ రాలేదు. అప్పటికి వైరస్ అంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఇళ్లిళ్లూ తిరిగి అడిగి రాసుకుని తేల్చాడు.

కానీ అదే కథను రెండోవైపు నుంచి చూడండి. ఆ నిరోధకత కోసం ఆ దీవుల జనాభాలో మూడొంతులు మంచాన పడాల్సి వచ్చింది. తట్టు వచ్చిన వెయ్యిమందిలో ఒకరికి మెదడువాపు వస్తుంది. మంచి వైద్యం ఉన్న దేశాల్లో కూడా వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురు పిల్లలు చనిపోతారు, పోషకాహారం చాలనిచోట అంతకంటే ఎక్కువ. ఇంకొకటి: నెదర్లాండ్స్‌లో 2013 తట్టు వచ్చినప్పుడు టీకా లేని 77 మంది పిల్లల రక్తాన్ని రోగానికి ముందూ తర్వాతా పరీక్షించారు. ఇతర రోగాలకు వాళ్లు అప్పటికే సంపాదించుకున్న ప్రతిరక్షకాల్లో 11 నుంచి 73 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయని 2019లో తేలింది. తట్టు తనకు సంబంధించిన శక్తినిస్తూ, మిగతా రోగాలకు ఉన్న శక్తిని పట్టుకుపోతుంది. ‘సహజం’ అని మెచ్చుకునేటప్పుడు ఈ భాగం కూడా చెప్పాలి.

రోగాన్ని జనంలోకి వదిలి హెర్డ్ ఇమ్యూనిటీ తెచ్చుకోవచ్చన్న వాదన కోవిడ్ కాలంలో గట్టిగా వినిపించింది. అందులో లెక్కల తప్పొకటి ఉంది. ఆర్-నాట్ 3 అయితే గట్టు 67 శాతమే. కానీ రోగం జోరుగా సాగుతున్నప్పుడు 67 శాతం చేరగానే అది ఆగిపోదు, అక్కడి నుంచి తగ్గడం మొదలవుతుంది అంతే. వేగంగా వస్తున్న బండికి బ్రేకు వేసినా కొంత దూరం జారినట్టు, ఆ తగ్గే క్రమంలోనే ఇంకా ఎందరికో సోకి, ఎవరూ అడ్డుకోకపోతే చివరికి 94 శాతం దాకా వెళ్తుంది. టీకాతో చేరితే ఈ అదనపు భారం ఉండదు. దీనికి తోడు వైరస్ మారిపోతే అసలు లెక్కే చెదిరిపోతుంది. బ్రెజిల్‌లోని మనౌస్ నగరంలో 2020 అక్టోబరుకల్లా జనాభాలో సుమారు 76 శాతానికి కోవిడ్ సోకిపోయిందని ఒక అంచనా వచ్చింది. ఇక భయం లేదన్నారు. 2021 జనవరిలో కొత్త రకంతో వచ్చిన రెండో తాకిడికి అక్కడి ఆసుపత్రుల్లో ఆక్సిజన్ అయిపోయింది. టీకాలూ కోవిడ్‌ను గట్టు దాటించి ఆపలేకపోయాయని కూడా ఒప్పుకోవాలి. ప్రాణాలు కాపాడాయి, సంక్రమణను కొంతకాలమే తగ్గించాయి. ‘వేసుకుంటే ఇతరులకు అంటదు’ అని 2021లో కొందరు అధికారులు అన్న మాటకు ఇప్పుడు తట్టు టీకా మూల్యం చెల్లిస్తోందని నా అభిప్రాయం.

మీ తోటికోడలి అసలు భయం వీటిలో ఏదీ కాకపోవచ్చు. సూది వల్ల పిల్లాడికి ఏమన్నా అవుతుందేమో అన్నదే అసలు భయం కావచ్చు. ఆటిజం మాట వస్తే త్వరగా ముగించండి: 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఈ టీకాకూ ఆటిజానికీ ముడిపెడుతూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టరు రాసిన వ్యాసం 12 మంది పిల్లల మీద ఆధారపడింది. 2010లో పత్రిక దాన్ని ఉపసంహరించింది, బ్రిటన్ వైద్య మండలి ఆయన పేరును జాబితాలోంచి కొట్టేసింది. డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లలను ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు.

నిజమైన హాని వేరే ఉంది, దాన్ని దాటవేయకండి. తట్టు, గవదబిళ్లలు, రూబెల్లా కలిపి వేసే టీకా తర్వాత మూడు నాలుగు వేల డోసులకు ఒకసారి జ్వరంతో ఫిట్స్ రావచ్చు. చూసే తల్లికి గుండె ఆగినంత పనవుతుంది, కానీ సాధారణంగా శాశ్వత నష్టం ఉండదు. పోలియో చుక్కల మందులోని బలహీన వైరస్ వల్లే, సుమారు 27 లక్షల తొలి డోసులకు ఒకరికి, పక్షవాతం వస్తుంది. అమెరికాలో 1998లో వచ్చిన ఒక రోటావైరస్ (పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే వైరస్) టీకా వల్ల సుమారు పదివేల మందిలో ఒకరికి పేగు మడత పడుతోందని తేలి, ఏడాది తిరిగేసరికి మార్కెట్ నుంచి తీసేశారు. ఈ చివరిదాన్ని టీకాలను వ్యతిరేకించేవాళ్లు ఒకలా చెబుతారు. నేనైతే నిఘా పనిచేస్తోందనడానికి ఉదాహరణగా చెబుతాను. పదివేలకు ఒకటిగా వచ్చే హానిని పట్టుకోవడం చిన్న సంగతి కాదు.

భయం ఒక దేశాన్ని ఏం చేస్తుందో సమోవాలో చూశాం. పసిఫిక్‌లో రెండు లక్షల జనాభా ఉన్న చిన్న దేశం. 2018 జులైలో ఇద్దరు శిశువులు టీకా వేసిన కాసేపటికే చనిపోయారు. టీకా పొడిని కలపాల్సిన నీటికి బదులు, నర్సులు ఆపరేషన్లప్పుడు కండరాలను సడలించడానికి వాడే మందు కలిపారు. తప్పు టీకాది కాదని తేలింది, ఇద్దరు నర్సులకు శిక్ష పడింది. కానీ అప్పటికి కార్యక్రమం నెలల తరబడి ఆగిపోయింది, తల్లుల నమ్మకం పోయింది, తొలి డోసు పడేవాళ్లు 31 శాతానికి దిగజారారు. 2019 చివర్లో తట్టు వచ్చింది. 5,700కు పైగా కేసులు, 83 మరణాలు, ఎక్కువమంది అయిదేళ్లలోపు పిల్లలే. డిసెంబరులో ప్రభుత్వం రెండు రోజులు దేశాన్ని మూసేసి, టీకా పడనివాళ్లున్న ఇళ్ల ముందు ఎర్రగుడ్డ కట్టమంది. బృందాలు ఆ గుడ్డలు చూసుకుంటూ ఇంటింటికీ తిరిగాయి. ఆ తల్లుల్ని మూర్ఖులనడానికి నాకు మనసొప్పదు. కళ్లముందు ఇద్దరు పసివాళ్లు పోయారు, తట్టును చూసిన జ్ఞాపకం మాత్రం ఎవరికీ లేదు. జపాన్‌లో కూడా అంతే: టీకా తర్వాత ఇద్దరు పిల్లలు చనిపోవడంతో 1975లో కోరింత దగ్గు టీకా ఆపారు. వేయించుకునేవాళ్లు 10 శాతానికి పడిపోయారు, 1979లో 13,000 కేసులు, 41 మరణాలు.

మరి బలవంతంగా వేయించాలా? ఈ గొడవ కొత్తది కాదు. ఇంగ్లండ్‌లో 1853లో మశూచి టీకా తప్పనిసరి చేస్తే జనం తిరగబడ్డారు, 1885లో లెస్టర్ పట్టణంలో భారీ ఊరేగింపు తీశారు, 1898లో మనస్సాక్షి అభ్యంతరం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. చాలామందికి తెలియని సంగతి, లెస్టర్‌వాళ్లు ఊరికే కూర్చోలేదు. రోగిని వెంటనే గుర్తించి వేరుగా ఉంచే పద్ధతి పెట్టుకున్నారు. అది చాలావరకు పనిచేసింది కూడా. 1960లు, 70ల్లో మశూచిని తుడిచిపెట్టినప్పుడు ఆ కిటుకునే టీకాతో కలిపారు: రోగిని వెతికి పట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్లకు మాత్రం టీకా వేయడం. దేశమంతా 80 శాతం దాటాలని చూస్తూ కూర్చోలేదు. మశూచి రోగి చూడగానే తెలిసిపోతాడు, దద్దు రాకముందు పెద్దగా అంటించడు కాబట్టి అది సాధ్యమైంది. తట్టుకు ఆ వెసులుబాటు లేదు.

నా మాట అడిగితే, బడిలో చేరేటప్పుడు తట్టు, పోలియో లాంటి టీకాలు తప్పనిసరి చేయడం న్యాయమే. ధనుర్వాతం ఒక్కటే విడిగా ఉంటే దాన్ని తప్పనిసరి చేయడానికి నేను ఒప్పుకోను. కాలిఫోర్నియా 2015లో వ్యక్తిగత నమ్మకాల మినహాయింపు తీసేస్తే, బడిలో చేరే పిల్లల్లో టీకాలన్నీ పడ్డవాళ్లు 92.8 నుంచి 95.6 శాతానికి పెరిగారు. ఆ వెంటనే డాక్టర్లిచ్చే వైద్య మినహాయింపులు కూడా పెరిగాయి, 2019లో వాటిని కట్టడి చేయడానికి ఇంకో చట్టం తేవాల్సి వచ్చింది. చట్టం మొండివాళ్లను మార్చదు, బద్ధకించినవాళ్లను కదిలిస్తుంది. వాళ్ల సంఖ్యే ఎక్కువ కాబట్టి అది పనిచేస్తుంది.

మీ ఇంటి సంగతికి వస్తే, ఆవిడతో ‘టీకాలు’ గురించి వాదించకండి. ‘ఏ టీకా అంటే నీకు భయం?’ అని అడగండి. నాలుగేళ్ల బాబుకు ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు, వయసుకు తగ్గట్టు మిగిలిన డోసులు ఎలా వేయాలో పిల్లల డాక్టరు చెబుతారు. అన్నింటికీ ఒప్పుకోకపోతే, తట్టుకు వేసే టీకాతో మొదలుపెట్టమనండి. ఒకవేళ దేనికీ ఒప్పుకోకపోతే గొడవ పెంచుకోకుండా మీరు చేయగలిగింది మీ చేతిలో ఉంచుకోండి. మీ పాపకు రెండో డోసు పడిందో లేదో కార్డులో చూడండి. చుట్టుపక్కల తట్టు ఉందని తెలిసినా, ఆ బాబుకు జ్వరం, దద్దు వచ్చినా, ఒక్క డోసైనా పడనివాళ్లకు రోగిని కలిసిన 72 గంటల్లోపు టీకా వేస్తే రోగాన్ని ఆపే అవకాశం ఉంటుంది. ఇంట్లో 6 నెలలు నిండిన పసిబిడ్డ ఉంటే ఆ సమయంలో ముందస్తుగా ఒక డోసు వేయవచ్చు, అది లెక్కలోకి రాదు, మామూలు డోసులు తర్వాత మళ్లీ వేయించాలి. అంతకంటే చిన్న బిడ్డకు, నిరోధకత లేని గర్భిణికి టీకా కుదరదు, 6 రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల మందు) ఇవ్వడం గురించి డాక్టరును అడగాలి. ఆసుపత్రికి వెళ్లేముందు ఫోన్ చేసి తట్టు అనుమానం అని చెప్పండి, లేదంటే వెయిటింగ్ హాల్లో కూర్చున్న పిల్లలందరికీ పంచినట్టవుతుంది.